ఇసుక లెక్కలో నీటి పద్దు

హిందూపురంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం



ఎవరి జ్ఞాపకంగా ఈ స్మారకోపన్యాస నిధి ఏర్పడిందో ఆ పెద్దాయన పేరు ఆహ్వాన పత్రిక మీద ఉంది, రేపు ఈ ఉపన్యాసం అచ్చయ్యే పుస్తకం అట్ట మీద ఉంటుంది. ఆయన ఉద్యోగమంతా చెరువుల మీదే గడిచింది. మద్రాసు రాజధానిలో చెరువుల పునరుద్ధరణ పథకం 1883లో మొదలైంది. దాని కింద ఒక్కో చెరువుకు ఒక్కో మెమాయిర్ రాశారు. కట్ట పొడవెంత, తూము ఏ మట్టాన ఉంది, మరవ వెడల్పెంత, ఆయకట్టు ఎన్ని ఎకరాలు, పై నుంచి నీళ్లు ఎంత మేర నుంచి దిగుతాయి, అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితాలు చేతబట్టుకుని కట్టల వెంట నడిచిన ఇంజినీర్ల తరం ఆయనది. అలాంటి మనిషిని తలచుకునేటప్పుడు పొగడ్తలు చదవడం కన్నా ఒక లెక్క కట్టి చూపడం మేలనిపించింది. నేను భూగర్భ జల శాఖలో పనిచేసినవాణ్ణి గనక ఆ లెక్క నీటిదే. ఇసుక, గ్రావెల్ తవ్వకాల వల్ల భూమిలో పోయిన నీరెంత? దాన్ని తిరిగి పెట్టాల్సింది ఎవరు, ఎక్కడ? ఈ పూట నేను మాట్లాడేది ఇంతే.

ఏరంటే ఇసుకే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా ఊళ్లు. జిల్లా పేరు మారినా నీటి కరువు మాత్రం పాతదే. పెన్న నంది కొండల్లో పుట్టి గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు దిగుతుంది. జయమంగళి తుమకూరు జిల్లా దేవరాయనదుర్గ కొండల్లో పుట్టి పరిగి మండలంలో పెన్నను కలుస్తుంది. చిత్రావతి చిక్కబళ్లాపురం వైపు నుంచి బాగేపల్లి మీదుగా వచ్చి, పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం ప్రాంతాలు దాటి కడప జిల్లాలో పెన్నలో పడుతుంది. మూడింటికీ తల కర్ణాటకలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో ఈ ఏర్లు పారేది కొద్ది రోజులే. మిగతా కాలమంతా మనకు ఏరంటే ఇసుకే.

ఆ ఇసుకే మన పెద్దల జలాశయం. ఏరు ఎండిన తర్వాత ఆడవాళ్లు ఇసుకలో చెలమ తోడేవారు. మొదట ఊరిన మడ్డి నీళ్లు చల్లేసి, తేటపడేదాకా కూర్చుని, ముంతతో తోడి బిందె నింపుకునేవారు. చెలమ నీళ్లలో పప్పు తొందరగా ఉడుకుతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. రైతులది ఇంకా పెద్ద పని. వరద తీసిన వెంటనే ఊరంతా కలిసి ఏటి ఇసుకలో పొడవాటి ఊట కాలువ తవ్వేవారు. ఇసుకలో నిలిచిన నీరు కొద్దికొద్దిగా ఆ కాలువలోకి దిగి, ఏటి వాలు కన్నా తక్కువ వాలులో నడిచి, కొంత దూరం పోయాక గట్టెక్కి పొలానికి చేరేది. దానికి పంపక్కర్లేదు, కరెంటక్కర్లేదు. మళ్లీ వరదకు పూడిపోతే మళ్లీ తవ్వుకునేవారు.

ఊట కాలువలు పోవడానికి ఇసుక తవ్వకమొక్కటే కారణమంటే అబద్ధం అవుతుంది. ఎగువన కట్టలు పెరిగాయి. చిత్రావతి మీద బాగేపల్లి దగ్గరి పరగోడు ఆనకట్ట గురించి జరిగిన గొడవ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మైసూరు ఎగువన కొత్త కట్టలు కట్టాలంటే ముందు మద్రాసుతో సంప్రదించాలని 1892లోనే ఒప్పందం రాసుకున్నారు. ఆ ఒప్పందంలోని నదుల జాబితాలో పెన్నా ఉంది, చిత్రావతీ ఉంది. అంటే ఏటి మీద పారే నీటికి నూట ముప్పై ఏళ్ల కిందటే కాగితం రాసుకున్నాం. ఏటి లోపల నిలిచే నీటికి మాత్రం ఎవరూ కాగితం రాయలేదు.

ఇంకో మాట కూడా ముందే ఒప్పుకోవాలి. ఈ జిల్లాలో భూగర్భ జలాన్ని అందరికన్నా ఎక్కువ తోడుతున్నది మన వ్యవసాయ బోర్లే. మల్బరీకైనా, వేరుశనగకైనా, కూరగాయలకైనా బోరే దిక్కు. బోర్ల ముందు ఇసుక ఏపాటిదని నన్ను అడిగిన రైతులున్నారు. అడగదగిన ప్రశ్నే. బోరు గాదెలో గింజలు తీస్తుంది, మంచి వానపడితే గాదె మళ్లీ నిండుతుంది. ఇసుక తవ్వేవాడు గాదెనే ఎత్తుకుపోతాడు. ఆ తర్వాత ఎంత వాన కురిసినా పోసుకోవడానికి చోటుండదు. 2021 నవంబరులో చిత్రావతి ఎలా పొంగిందో చూశాం. చెన్నేకొత్తపల్లి మండలంలో ఏట్లో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టరుతో బయటికి తీయాల్సి వచ్చింది. అంత నీరు వచ్చినప్పుడు దాన్ని పట్టి నిలిపేది ఇసుక మందమే. బండ తేలిన చోట వరద వచ్చినంత వేగంగానే పోతుంది.

ఒక ట్రాక్టరు ఇసుక

లెక్కలోకి వద్దాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

తడిసి నిండిన ఏటి ఇసుకలో తోడుకోగల నీరు నూటికి 20 వంతులు అనుకుందాం. గింజ లావును బట్టి ఇది కొంత అటూఇటూ అవుతుంది. ట్రాక్టరు ట్రాలీలో పట్టే ఇసుక సుమారు 3 ఘనపు మీటర్లు. అంటే ఆ ఇసుక ఏట్లో ఉన్నప్పుడు 600 లీటర్ల నీటికి చోటిచ్చేది. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ లెక్క. ఒక ట్రాలీతో పదకొండు మంది ఒకరోజు నీళ్లు పోతాయి. అదీ ఒక్కసారితో పోయేది కాదు. ఏరు పారిన ప్రతిసారీ ఆ చోటు నిండేది, ఇకమీద నిండదు.

ఒక హెక్టారు మేర ఒక మీటరు లోతు తీస్తే 10,000 ఘనపు మీటర్ల ఇసుక వస్తుంది. పోయే నిల్వ 2,000 ఘనపు మీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు.

తవ్వకం అక్కడితో ఆగక నీరు తేలేదాకా పోతే రెండో నష్టం మొదలవుతుంది. ఇసుక కింద రెండడుగుల లోతుకు దిగిన నీటిని ఎండ పెద్దగా తాకలేదు. అదే నీరు గుంతలో బయటపడితే మన ఎండకు ఏడాదికి మీటరున్నర పైనే ఆవిరవుతుంది. గుంతలో నేరుగా పడే వాన అర మీటరు చిల్లర. దాన్ని తీసేసినా, ఏడాది పొడవునా నీరు తేలి ఉన్న హెక్టారు గుంత సుమారు 9,500 ఘనపు మీటర్లు గాలిలో కలుపుతుంది. పక్క పొలాల బావుల ఊట ఆ గుంతలోకే జారుతుంది. గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి గదా, మంచిదే గదా అని ఊళ్లో అనుకుంటారు. ఆ కనపడే నీళ్లు బావుల నుంచి వచ్చినవే.

గుట్ట, చెరువు, ఫిల్టరు

గ్రావెల్ కథ వేరు. మన గుట్టల మీద, మిట్టల మీద ఉన్న గరుసు, గ్రానైటు బండ వేల ఏళ్లుగా చివికి ఏర్పడిన పొర. వాన నీటిని తాగి, నిలిపి, గుట్ట కింది బావులకు నెమ్మదిగా వదిలేది అదే. చివికిన గ్రానైటు నేలలో కురిసిన వానలో నూటికి 11 వంతులు భూమిలోకి దిగుతుందని కేంద్ర భూగర్భ జల మదింపు పద్ధతి చెబుతుంది. 550 మిల్లీమీటర్లలో అది 60 మిల్లీమీటర్లు. హెక్టారుకు ఏటా 600 ఘనపు మీటర్లు. గరుసంతా గీకి బండ తేల్చేస్తే ఈ 600 పోతుంది. పైగా ఆ బండ మీద నుంచి ఉరికిన నీరు మట్టిని కోసుకొచ్చి కింది చెరువులో పోస్తుంది. చెరువులో సన్నటి ఒండ్రు పేరుకుంటే అడుగు మూసుకుపోయి అక్కడి ఇంకుడూ తగ్గుతుంది.

అయినా గ్రావెల్ లేకుండా పని జరగదు. తూముకుంట పారిశ్రామికవాడ ఉంది, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం వచ్చింది, జాతీయ రహదారి ఉంది, ఊరూరా లేఅవుట్లు ఉన్నాయి. అన్నింటికీ మట్టి కావాలి. నీటి మట్టానికి బాగా పైన ఆగిపోయి, అడుగున రెండు మీటర్ల గరుసు వదిలిపెట్టిన గుంత నీటికి శత్రువు కాదు. దారి సరిగా పెడితే అదే ఇంకుడు గుంత అవుతుంది. అందుకే గ్రావెల్ తవ్వకాన్నీ ఏటి ఇసుక తవ్వకాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

చెరువుల్లో జరిగేది చూడండి. పూడిక తీస్తామంటారు. పై ఒండ్రును రైతులు బండ్లకు, ట్రాక్టర్లకు ఎత్తి పొలాలకు తోలుకుంటారు. అంతవరకు పుణ్యమే. ఒండ్రు అయిపోయాక జేసీబీ ఆగదు, కింది గరుసులోకి దిగుతుంది. టిప్పర్లకు దారి దగ్గరని కట్ట పక్కనే లోతు చేస్తారు. రేపు చెరువు నిండినా తూము మట్టానికి కింద ఉన్న నీరు తూములోకి రాదు, గుంతలోనే ఉండి ఎండిపోతుంది. కట్ట పాదం వదులై గండి పడే భయం ఒకటి అదనం.

అన్నింటికన్నా అన్యాయమైనది ఫిల్టర్ ఇసుక. సరిహద్దుకు అటూ ఇటూ దీని గురించి తెలియనివాళ్లు లేరు. పొలం మట్టినో చెరువు మట్టినో గుంతలో పోసి, బోరు నీళ్లు పెట్టి కలియబెడతారు. బురద ఒక పక్కకు పోతుంది, ఇసుక అడుగున మిగులుతుంది. ఇక్కడ నేల పోయింది, దాన్ని కడగడానికి భూగర్భ జలమూ పోయింది, ఆ బురద చేరిన వంక అడుగూ మూసుకుపోయింది. ఇంత చేసి చేతికొచ్చేది బంకమట్టి వదలని నాసిరకం ఇసుక.

కాగితం మీద ఉన్నది, లేనిది

చట్టం లేదని ఎవరూ అనలేరు. మనకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా చట్టం ఉంది. 2004 నియమాల ప్రకారం భూగర్భ జలం అతిగా తోడేసిన ప్రాంతాల్లో ఇసుక తవ్వకూడదు. ఇసుక మందం 3 నుంచి 8 మీటర్లు ఉన్న చోట ఒక మీటరు లోతు, 8 మీటర్లు దాటితే రెండు మీటర్లు, అంతే తీయాలి. వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు పోకూడదు. చిన్న ఖనిజాల లీజు ఐదు హెక్టార్ల లోపైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. 2016లో కేంద్రం ఇచ్చిన ఇసుక మార్గదర్శకాలు ఏట్లోకి ఏటా వచ్చి చేరే ఇసుక కన్నా ఎక్కువ తీయకూడదంటాయి. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. ఆ నిధిలో పెద్ద వాటా తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం వంటి వాటికి పోవాలన్నారు.

ఇవన్నీ చదివితే ఒక సంగతి తేలుతుంది. ఇసుకకు కొలత ఉంది, లోతుకు కొలత ఉంది, డబ్బుకు కొలత ఉంది. పోయిన నీటిని ఘనపు మీటర్లలో రాసి, అంత నీటినీ తిరిగి పెట్టించే గడి మాత్రం లీజు కాగితంలో లేదు.

ఆ గడి ఉన్న చోటు ఒకటుంది. అమెరికాలోని కొలరాడో మనలాగే వాన తక్కువ రాష్ట్రం. సౌత్ ప్లాట్ నది, దాని ఉపనది కాష్ లా పూడర్ ఒడ్డున గ్రావెల్ గుంతలు వరసగా ఉన్నాయి. గుంత తవ్వితే భూగర్భ జలం తేలి ఆవిరవుతోంది, నది మీద మా హక్కు తగ్గుతోందని దిగువ రైతులు కోర్టుకెక్కారు. భూగర్భ జలాన్ని బయటపెట్టిన గ్రావెల్ గుంత కూడా బావి కిందే లెక్క అని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. మరుసటి ఏడు శాసనసభ చట్టం చేసింది. 1980 డిసెంబరు 31 తర్వాత నీరు తేలేలా తవ్వినవాళ్లు ఆవిరయ్యే నీటిని లెక్కగట్టి, వేరే చోటి నుంచి తెచ్చి ఏటికి ఇవ్వాలి. లేదా గుంత చుట్టూ బంకమట్టి గోడ దింపి భూగర్భ జలంతో దానికి సంబంధం తెంచాలి. అలా గోడ కట్టిన గుంతలను తర్వాత నీటి నిల్వకు వాడుకుంటున్నారు. అక్కడి నీటి హక్కుల పద్ధతి మనకు సరిపడదు, దాన్ని దింపుకోమని నేను చెప్పడం లేదు. తవ్విన చేతే నీటిని తిరిగి పెట్టాలన్న సూత్రం ఒక్కటి తీసుకుందాం.

సింగాయ భట్టు కాలువ

నీటికి జవాబుదారీ ఉండాలన్న ఆ సూత్రం మన గడ్డకు కొత్తదీ కాదు. పెనుకొండకు నీళ్లు కావాలని విజయనగర యువరాజు ప్రతాప బుక్కరాయలు తలచినప్పుడు, జలసూత్రం తెలిసిన సింగాయ భట్టును పిలిపించాడు. హెన్నె ఏటి నుంచి, అంటే మన పెన్న నుంచి, సిరువెర చెరువుకు కాలువ తవ్వించి పెనుకొండకు నీళ్లు మళ్లించారని 1388 నాటి శాసనం చెబుతుంది. ఆ కాలువకు రాయల పేరే పెట్టారు. పని చేసినవాడి పేరు శాసనంలో నిలిచింది. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కాలువ ఎవరు తవ్వారో మనకు తెలుసు. మొన్న తవ్విన గుంత ఎవరిదో ఊళ్లో అడిగితే చెప్పే నాథుడుండడు.

అంతకు పందొమ్మిదేళ్ల ముందు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పింది. నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, తీపి నీటి ఏరు వగైరాలతో పాటు, పొడవాటి రాళ్లు దొరికే గని కూడా ఆ పన్నెండులో ఒకటి. రాయి తీయడం తప్పని మన పెద్దలు అనుకోలేదు. తీసిన రాయి చెరువు కట్టకు చేరేది, అదీ ఆ కాలపు ఏర్పాటు.

తిరిగి పెట్టడం ఎలా

హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు 2016లో గొల్లపల్లి జలాశయానికి చేరాయి. హిందూపురం తాగునీటికి అక్కడి నుంచి పైపులైను వచ్చింది. ఇక ఇసుక పోతేనేం అనేవాళ్లున్నారు. ఆ నీళ్లు శ్రీశైలం నుంచి పంపు మీద పంపు పెట్టి ఎత్తి తెచ్చినవి, ప్రతి లీటరుకూ కరెంటు బిల్లుంది. ఏటి ఇసుక ఆ పని ఊరికే చేసేది. పైగా మన కింద ఉన్నది గ్రానైటు. చివికిన పొర, దాని కింద పగుళ్లు, అంతకు మించి నీటికి దారి లేదు. గొల్లపల్లి నిండితే దాని చుట్టూ ఉన్న బావులు ఊరతాయి గానీ చిలమత్తూరులో ఎండిన బోరుకు చుక్క చేరదు. అందుకని ఏ వంకలో నీరు పోయిందో ఆ వంకలోనే తిరిగి పెట్టాలి.

ఎంత పెట్టాలో కూడా లెక్కుంది. నీళ్లున్న చెరువు నుంచి రోజుకు 1.4 మిల్లీమీటర్లు భూమిలోకి ఇంకుతుందని కేంద్ర మదింపు పద్ధతి. హెక్టారు నీటి విస్తీర్ణం వంద రోజులు నిలిస్తే 1,400 ఘనపు మీటర్లు. ఏట్లో ఒక హెక్టారు, ఒక మీటరు ఇసుక తీసినందుకు హెక్టారున్నర చెరువు కావాలి. నీరు తేలిన హెక్టారు గుంతకైతే ఏడు హెక్టార్ల చెరువు కావాలి. ఆ చెరువు అదనంగా ఏర్పడాలి. ఇప్పటికే ఉన్న చెరువును చూపించి అదే మా వంతు అంటే చెల్లదు. పూడి పనికిరాకుండా పోయిన కుంటను బాగుచేస్తే, పెరిగిన మేరకే పద్దులో జమ వేయాలి.

ఈ లెక్క చూశాక నా అభిప్రాయం ఇది. నీరు తేలేదాకా ఏటి ఇసుక తవ్వడాన్ని ఏ లెక్కా తీర్చలేదు, ఏడు హెక్టార్ల కొత్త చెరువు ఎవరూ కట్టరు. కాబట్టి పెన్న, జయమంగళి, చిత్రావతి గర్భంలో ఇసుక మందం తక్కువున్న చోట లీజే ఉండకూడదు. భూగర్భ చెక్‌డ్యాము కడతామంటారు. ఏటికి అడ్డంగా బంకమట్టి గోడ దింపి ఊటను ఆపడం మంచి పనే. కెన్యాలో ఇసుక కట్టలతో ఊళ్లకు ఊళ్లు బతుకుతున్నాయి. గోడ వెనక ఇసుక మిగిలి ఉంటేనే ఆ ఫలం. నిర్మాణాలకు క్వారీ రాయిని పిండి చేసిన ఎం-శాండ్ ఉంది. దానికి దుమ్ము, చప్పుడు అనే బాధలున్నా అవి కట్టడి చేయగలిగినవి.

గ్రావెల్ లీజుల్లో మాత్రం తిరిగి పెట్టడం సాధ్యమే. తవ్వకం మొదలు కాకముందే లీజు స్థలానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి నీటి మట్టం చూసే పీజోమీటరు దించాలి. మే నెలలో, నవంబరులో మట్టం చూసి ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయాలి. అడుగున రెండు మీటర్ల గరుసు వదలాలి, గుంత నోట ఒండ్రు నిలిచే చిన్న తొట్టి కట్టాలి, గుట్ట వాలుకు అడ్డంగా కందకాలు తీయాలి. హెక్టారుకు ఏటా 600 ఘనపు మీటర్లు ఇదే వంకలో ఇంకించినట్టు చూపాలి. ఈ పని ముందు చేసి తర్వాత తవ్వాలి. తవ్వకం అయిపోయాక చేస్తామన్న మాట ఎక్కడా నిలబడలేదు. చెరువులకు 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలున్నాయి, జమాఖర్చు చూసే అధికారం వాటికివ్వాలి. ఖర్చు జిల్లా ఖనిజ నిధి మీద నెట్టకూడదు. అది నష్టపోయిన ఊరి సొమ్ము, తవ్వినవాడి బాకీ దానితో తీర్చడం న్యాయం కాదు.

ఇందులో ట్రాక్టరు పెట్టుకుని బతికే కుర్రాడి పొట్ట కొట్టే ఉద్దేశం నాకు లేదు. కందకాలు తీయడానికీ, పూడిక తోలడానికీ, కుంటల కట్టలు వేయడానికీ కూడా ట్రాక్టర్లే కావాలి. అదే బండి, అదే డీజిలు. బాడుగ ఎవరిస్తారన్నదే తేడా.

ఇది ప్రభుత్వం పూర్తిగా తలకెత్తుకునేదాకా మనం ఆగనక్కర్లేదు. మీ పంచాయతీకి లీజు కాగితం వచ్చినప్పుడు గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని ఘనపు మీటర్ల నీరు పోతుంది? ఏ వంకలో తిరిగి పెడతారు? ఎవరు కొలుస్తారు? జవాబు అంకెల్లో చెప్పమనండి, తీర్మానం పుస్తకంలో రాయించండి. అంకె రానిదే సంతకం పెట్టకండి. ఆ పుస్తకం మీ ఊరి మెమాయిర్ అవుతుంది. ఎక్కడెక్కడ అడిగారో, ఏం జవాబు వచ్చిందో ఈ నిధి పెద్దలు ఏటా పోగుచేసి అచ్చువేయాలని నా మనవి.